సగటు వేసే ముందు గడిలో ఏముందో చూడండి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో లెక్కల గురించి మాట్లాడమంటే నాకు మొదట గుర్తొచ్చేవి జీడిపిక్కలు. పలాస వైపు పిక్కల బేరం బస్తాల్లో సాగుతుంది. బస్తా అంటే 80 కిలోలని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు.

ఉద్దానంలో ఆరుగురు రైతుల దిగుబడిని ఎక్సెల్‌లో ఒకే నిలువు వరుసలో ఎక్కించామనుకోండి. మొదటి మూడు గడుల్లో 100, 80, 120 కిలోలు. నాలుగో దాంట్లో ‘3 బస్తాలు’, ఐదో దాంట్లో ‘కాపు లేదు’, ఆరో దాంట్లో ‘కాటా వేయలేదు’. మనిషి చదివితే ఇందులో అర్థం కానిదేమీ లేదు.

యావరేజ్ సూత్రం వేస్తే 100 వస్తుంది. మాటలున్న గడులను అది చూడనట్టే దాటిపోయి, 300ను 3తో భాగించింది. యావరేజ్‌ఏ అని దానికో తోబుట్టువు ఉంది. అది మాటలున్న ప్రతి గడినీ సున్నాగా కట్టి, 300ను 6తో భాగించి 50 అంటుంది. వరుస అదే, జవాబులు రెండు. ఎక్సెల్ మాత్రం కిక్కురుమనదు.

ఇప్పుడు చేత్తో వేద్దాం. 3 బస్తాలంటే 240 కిలోలు. కాపు లేదంటే నిజమైన సున్నా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడితోటలు ఎలా కూలాయో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆ సున్నా బరువెంతో చెబుతారు. దాన్ని వదిలేస్తే నష్టపోయిన రైతే లెక్కలోంచి మాయమవుతాడు. కాటా వేయలేదంటే సున్నా కాదు, ఎంతో ఇంకా తెలియదని. అతన్ని పక్కన పెట్టి 540ని 5తో భాగిస్తే 108.

50ని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నా భయమంతా 100తోనే. సున్నాను వదిలేసినందుకు సగటు పెరిగింది, బస్తాలను వదిలేసినందుకు తగ్గింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని నిజానికి దగ్గరగా వచ్చి కూర్చున్నాయి. వచ్చే ఏడు కాపు లేని రైతులు నలుగురైతే ఆ ముసుగు నిలవదు.

అందుకే సగటుకు ముందు కౌంట్, కౌంట్‌ఏ రెండూ వేయండి. మొదటిది అంకెలున్న గడులను, రెండోది ఖాళీగా లేని గడులన్నిటినీ లెక్కపెడుతుంది. ఇక్కడ 3, 6 వస్తాయి. ఆ తేడాలో ఉన్న మూడు గడులనూ మీ కళ్లతో చదవాలి. ‘80 కిలోలు’ అని గడిలో రాసినా అది మాట కిందికే పోతుంది, కాబట్టి కిలోలన్నది వరుస పైన శీర్షికలో ఉండనివ్వండి. ఒక గడిలో #N/A లాంటి దోష సూచన ఉంటే సగటు మొత్తం దోషంగానే వస్తుంది. అది నయం, కనీసం అరుస్తుంది.

ఇక ఆరో రైతు గడి. దాన్ని పూర్తిగా ఖాళీగా ఉంచండి, అప్పుడు రెండు సూత్రాలూ దాని జోలికి పోవు. ‘కాటా వేయలేదు’ అన్న మాటను పక్క వరుసలో రాయండి.