అతుకు దగ్గర కాసేపు ఆగండి
(విశాఖపట్నంలో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నైరూప్య శిల్పం పక్కన నిలబడితే చాలు, ఎవరో ఒకరు "ఇంతకీ ఇదేంటండీ?" అని అడుగుతారు. ఎగిరే పక్షి అనో, తల్లీబిడ్డా అనో చెప్పి తప్పించుకోకండి. బొమ్మ దేన్నీ పోలి లేనప్పుడు చూసేవాళ్ల కంటికి దొరికేది లోహం, దాని బరువు, ఒక ముక్క ఇంకో ముక్కని పట్టుకున్న తీరు. అందుకే ఇవాళ అతుకుల గురించే ఎక్కువ మాట్లాడతాను.

లోహం ముక్కలు అతికి శిల్పం చేసే ఈ కళకి పుట్టిల్లు కార్ఖానా. స్పెయిన్ శిల్పి జూలియో గొంజాలెజ్ 1918లో రెనో కార్ల ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత పికాసో ఇనుముతో శిల్పాలు చేస్తుంటే అతికే పని తెలిసిన మనిషి గొంజాలెజే. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రైలింజన్లు, ట్యాంకులు తయారయ్యే చోట వెల్డింగ్ చేశాడు. ఓడల యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ, ఆటోనగర్ ఉన్న ఊళ్లో చదువుకుంటూ మీరు వెల్డింగ్ వీడియోల్లో నేర్చుకుంటామంటే నాకు నవ్వొస్తుంది. గాజువాకలో ఏదో ఒక షాపు ముందు ఒక పూట కూర్చోండి. రాడ్డు కదిలే వేగాన్ని బట్టి అతుకు గీత సన్నబడటం, ఉబ్బడం కనిపిస్తుంది. గ్రైండర్ పెట్టి దాన్ని చదును చెయ్యాలా, అలాగే వదలాలా అన్నది మాత్రం మీరు తేల్చుకోవాలి. నేనైతే వదిలేస్తాను.

ఇక మిశ్రమ మాధ్యమం, అంటే ఒకే శిల్పంలో రకరకాల పదార్థాలు కలపడం. ఇనుముకి రాగి రేకు జత చేస్తే రంగు బాగుంటుంది, కానీ మన ఊరి గాలిలో ఉప్పుంది. ఉప్పు తేమ రెండు లోహాల మధ్య చేరితే అక్కడో చిన్న బ్యాటరీ తయారవుతుంది. రాగి నిక్షేపంగా ఉంటుంది, ఇనుము కరిగిపోతుంది. పెద్ద రాగి రేకుని చిన్న ఇనప బోల్టుతో బిగించారనుకోండి, దెబ్బంతా ఆ బోల్టు మీదే పడుతుంది. ముందు బోల్టు తల చుట్టూ నారింజ రంగు పొడి, తర్వాత రేకు మీద కిందికి జారిన చార, చివరికి రేకే చేతికొస్తుంది. మధ్యలో రబ్బరు షీటు, బోల్టుకి నైలాన్ బుష్ (బోల్టు చుట్టూ తొడిగే గొట్టం), వాషర్ వెయ్యండి. క్లియర్ కోటు, అంటే రంగులేని వార్నిష్, రాగికీ కొట్టండి. ఇనుముకి మాత్రమే పెయింటు వేస్తే, అది లేచిన చిన్న గీత దగ్గరే తుప్పంతా లోపలికి తవ్వుకుపోతుంది.

తుప్పే అందం అనేవాళ్లూ ఉన్నారు, నేనూ ఒప్పుకుంటాను. కార్టెన్ స్టీలు మీద తుప్పు గట్టి పొరగా నిలిచి లోపలి లోహాన్ని కాపాడుతుంది. కానీ సముద్రం ఒడ్డున ఉప్పు ఆ పొరని నిలవనివ్వదు. స్టెయిన్‌లెస్‌లో కూడా 304 రకం మీద టీ ఒలికినట్టు మరకలు వస్తాయి. మాలిబ్డినం కలిసిన 316 నయం, ధర ఎక్కువ.

ఏటికొప్పాక లక్క పనిని ఇనుముతో కలపాలని చాలామందికి ఆశ. లేతు మీద తిరిగే అంకుడు కర్రకి లక్క అద్దితే రాపిడి వేడికే అది కరిగి పట్టుకుంటుంది. అంటే మే నెల ఎండలో కాలిన ప్లేటు మీద కూడా మెత్తబడగలదు. దాన్ని గది లోపలి పనులకి ఉంచుకోండి.

బీచ్ రోడ్డులో పెట్టే పనైతే గాలిని మర్చిపోవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలులు గంటకి 180 కిలోమీటర్లు దాటాయి. వేగం మూడింతలైతే తోపు తొమ్మిదింతలవుతుంది. వెడల్పాటి ప్లేటు నిలబెట్టే ముందు, దానికి కంతలు పెడితే రూపం ఏమవుతుందో ఒకసారి గీసి చూడండి. నా అనుభవంలో చాలాసార్లు బాగుపడింది.

ఇక షెడ్డులోకి పదండి. జీఐ రేకు, అంటే జింకు పూత వేసిన ఇనప రేకు, ముక్కలు తెచ్చినవాళ్లు వాటిని పక్కన పెట్టండి. ఆ జింకు పూత కాలిన పొగ పీలిస్తే రాత్రికి జ్వరం, వణుకు వస్తాయి. నైలాన్ చున్నీలు తీసెయ్యండి, కాటన్ ఫుల్ చేతులు వేసుకోండి. ముందు వరసలో ఉన్నవాళ్లు అద్దాల షీల్డులు పంచండమ్మా.