చీకటి, మసక, సముద్రం: 1999 జులై 16 రాత్రి ఒక పైలట్ నిర్ణయం

నమస్కారం. తెర మీద కనిపిస్తున్నది అమెరికా ఈశాన్య తీరం. 1999 జులై 16న, పొద్దు గూకిన కాసేపటికి, రాత్రి 8 గంటల 38 నిమిషాలకు న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ విమానాశ్రయం నుంచి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ తన పైపర్ సారటోగా అనే చిన్న విమానంలో భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని మార్తాస్ వైన్‌యార్డ్ ద్వీపానికి బయలుదేరారు. 9 గంటల 41 నిమిషాల ప్రాంతంలో విమానం సముద్రంలో కూలి ముగ్గురూ మరణించారు.

ఇది డబ్బున్నవాడి దుడుకుతనమని తేల్చేసిన వాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ సాయంత్రం పైలట్ల వాతావరణ సేవలో ఆయన పేరున్న ఖాతా నుంచి సమాచారం తీసుకున్నారు. బయలుదేరే చోట మసక వల్ల 4 మైళ్లు, దారిలో 10 మైళ్ల వరకు చూపు ఆనుతుందని అందులో ఉంది. బయటికి చూసుకుంటూ నడిపే పైలట్‌కు నిబంధనల ప్రకారం అది చాలు. అయితే ఆ అంకె విమానాశ్రయంలో నేల మీద కొలిచినది. చీకటి రాత్రి సముద్రం మీద ఒక్క దీపమైనా ఉండదు కనుక, మసక కమ్మినప్పుడు నీరూ ఆకాశమూ ఒకటైపోతాయి. ఆ రాత్రి అటుగా ఎగిరిన మరో పైలట్, కిందికి చూస్తే దీపాలేవీ కనబడక, ద్వీపంలో కరెంటు పోయిందేమో అనుకున్నానని దర్యాప్తు అధికారులకు చెప్పారు.

అలాంటప్పుడు శరీరం ఏం చేస్తుందో చూడండి. విమానం నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి తిరుగుతూ ఉంటే, కొన్ని సెకన్లకు లోపలి చెవిలోని ద్రవం ఆ తిరుగుడుకు సర్దుకుపోయి, తిన్నగానే పోతున్నామన్న భావన కలుగుతుంది. ఎత్తు తగ్గుతోందని గమనించి పైలట్ కంట్రోల్‌ను తనవైపు లాగుతారు. ఒరిగి ఉన్న విమానంలో ఆ లాగుడు మలుపును ఇంకా బిగిస్తుంది, విమానం సుడి తిరుగుతూ దిగిపోతుంది. కెనడీ విమానం చివరి క్షణాల్లో నిమిషానికి 4,700 అడుగులకు మించిన వేగంతో పడిపోయింది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం జరిపిన ప్రయోగంలో, పరికరాలను చూసి నడపడంలో అనుభవం లేని 20 మంది పైలట్లూ బయటి దృశ్యం కనిపించని స్థితిలో అదుపు కోల్పోయారు. సగటున 178 సెకన్లు పట్టింది.

ఆయనకు సుమారు 310 గంటల అనుభవం ఉంది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనబడకపోయినా పరికరాలను చూసి నడిపే అర్హత, ఇంకా లేదు. ఆ రాత్రి తోడు వస్తానని ఒక శిక్షకుడు అడిగితే, ఒంటరిగానే నడపాలనుకుంటున్నానని చెప్పారట. నన్ను ఎక్కువ బాధించేది ఈ మాటే. ఎందుకంటే తోడు కావాలా వద్దా అన్నది నేల మీద నిలబడి, కాఫీ తాగుతూ కూడా తేల్చుకోగల విషయం; గాలిలో దిక్కు తోచని క్షణంలో ఆ అవకాశం ఉండదు.

రోడ్ ఐలాండ్‌లోని పాయింట్ జుడిత్ దగ్గర ఆయన దారి తీరాన్ని వదిలి సముద్రం మీదికి మళ్లింది. శిక్షణలో ఉన్న మిత్రులు రాత్రి ప్రయాణానికి ముందు తమ పటంలో అలాంటి చోటును, అంటే చివరి దీపం వెనక్కి పోయే చోటును, పెన్సిల్‌తో గుర్తించి, దిగంతం కనబడకపోతే అక్కడి నుంచి ఏ విమానాశ్రయానికి మళ్లాలో పక్కనే రాసుకుని బయలుదేరాలని కోరుతున్నాను.