పాత స్వెటర్‌తో దిండు గలీబు: ముందు కుట్టు, తర్వాతే కత్తెర

నమస్కారం. మోచేతుల దగ్గర చిరిగిపోయి, బీరువా అడుగున పడి ఉన్న స్వెటర్‌ని ఇవాళ సోఫా దిండుకు గలీబుగా మారుద్దాం. ముందువైపు బొత్తాలుండే రకమైతే మరీ మంచిది. ఆ బొత్తాల పట్టీలోంచే దిండు దూరుస్తాం కాబట్టి జిప్పు అక్కర్లేదు, కాజాలు కుట్టే పనీ లేదు.

ముందుగా ఆ స్వెటర్ ఉన్నిదా, అక్రిలిక్‌దా తేల్చుకోవాలి. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్లున్న పళ్లెం మీద వెలిగించండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మిగిలింది వేళ్ల మధ్య పొడైపోతే ఉన్ని. కరిగి, చల్లారాక నల్లటి గట్టి ఉండ మిగిలితే అక్రిలిక్.

ఉన్నైతే వాషింగ్ మిషన్లో 60 డిగ్రీల వేడినీళ్లలో తిప్పండి. పోగులు పెనవేసుకుని కంబళిలా దట్టపడతాయి. ఇక కత్తిరించినా అల్లిక ఊడదు. బాగా కుంచించుకుపోతుంది కాబట్టి, ఆరాకే కొలవండి. లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటే మాత్రం దట్టపడదు, దాన్ని అక్రిలిక్ లాగే కుట్టుకోవాలి.

అక్రిలిక్‌తోనే అసలు జాగ్రత్త. ఆవిరి ఇస్త్రీ తగిలిందంటే అల్లికలో బిగువు పోయి వేలాడిపోతుంది, మళ్లీ రాదు. అందుకే ఇస్త్రీతో అంటించే ఫ్యూజింగ్ దీనికి వద్దే వద్దు. పాత నూలు దుప్పటిని అస్తరుగా వేసి కుట్టండి.

16 అంగుళాల దిండుకు దుప్పటి మీద పదహారున్నర అంగుళాల చదరం గీయండి. అంచుల్లో అర అంగుళం చొప్పున కుట్టులో పోతే పదిహేనున్నర మిగులుతుంది. అల్లిక సాగుతుంది కాబట్టి ఆ బిగుతు ఉండాలి, లేకపోతే నెలలోనే గలీబు వదులైపోతుంది. మెడ వి ఆకారంలో ఉంటే, ఆ కోత మొదలయ్యే చోటు వరకే కొలిచి, దానికి సరిపడే చిన్న దిండు ఎంచుకోండి.

బొత్తాలు పెట్టి, స్వెటర్‌ని తిరగేసి, లాగకుండా బల్ల మీద పరవండి. పైన అస్తరు పెట్టి, ముందు పొరకు మాత్రమే రెండేసి అంగుళాలకు ఒక పిన్ను గుచ్చండి. బొత్తాల వైపు అస్తరు రెండు ముక్కలుగా ఉండాలి, పట్టీకి అటొకటి, ఇటొకటి. పట్టీ పక్కనున్న అంచుల్ని మడిచి చేత్తో కుట్టేయండి.

ఇప్పుడు గీతకు పావు అంగుళం లోపలగా, పొడుగు కుట్టుతో చుట్టూ మిషన్ వేయండి. మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది వాడండి, మామూలు సూది మొన పోగుల్ని తెంపుతుంది. స్వెటర్ కిందా, అస్తరు పైనా ఉండాలి. తలకిందులు చేస్తే మిషన్లో బట్టను నొక్కిపట్టే ఫుట్ అల్లికను ముందుకు నెట్టి అలలు అలలుగా సాగదీస్తుంది. ఈ కుట్టు పడ్డాకే గీత మీద కత్తిరించాలి. ముందే కత్తెర పెడితే అంచు నుంచి అల్లిక కళ్లు ఊడిపోతూ పోతాయి.

వీపు ముక్కనూ ఇలాగే చేసి, రెండింటి మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, రెండు మూడు బొత్తాలు విప్పి నాలుగు వైపులా కుట్టేయండి. పట్టీ దగ్గర మందం ఎక్కువ, అక్కడ తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి, సూది విరగదు. అంచుకు జిగ్‌జాగ్ వేస్తే ఇంకా గట్టి.

ఉతికేటప్పుడు బొత్తాలు పెట్టి, తిరగేసి, చన్నీళ్లే వాడండి. తీగ మీద వేలాడదీయకుండా నీడలో పరిచి ఆరబెట్టండి.