పొదుపు కుళాయి, ఆసుపత్రి నీరు

సభకు నమస్కారం. ఇంట్లో మంచి అలవాటైన నీటి పొదుపు, రోగి పడక పక్కనున్న కుళాయి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆచితూచి చేయవలసిన పని అవుతుందో ఈ పూట మీకు వివరిస్తాను.

ముందుగా అమెరికాలోని బాల్టిమోర్ సంగతి. అక్కడి జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, చెయ్యి చాపితే చాలు నీరు వదిలే సెన్సార్ కుళాయిలు అమర్చారు. ముట్టుకోనక్కరలేదు కనుక సూక్ష్మజీవులు ఒకరి చేతి నుంచి మరొకరికి అంటవనీ, నీరూ ఆదా అవుతుందనీ ఆశించారు. నీటి వాడకం నిజంగానే సగానికి పైగా తగ్గింది. అయితే 2011లో అక్కడి వైద్యులే వెల్లడించిన పరిశీలనలో, ఆ కుళాయిల నీటి నమూనాలలో 50 శాతం లెజియొనెల్లా అనే బ్యాక్టీరియాతో కలుషితమై ఉండగా, చేత్తో తిప్పే మామూలు కుళాయిల విషయంలో అది 15 శాతమే. క్లోరిన్ డయాక్సైడ్‌తో శుద్ధి చేసినా తేడా పూర్తిగా పోలేదు. చివరికి రోగులుండే చోట్ల నుంచి వాటిని తీసివేశారు. తామే పెట్టినదాన్ని తామే పరీక్షించి, పొరపాటని పదిమందిలో ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు.

లెజియొనెల్లా అంటే, 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారిలో అంతుచిక్కని న్యుమోనియా ప్రబలినప్పుడు బయటపడిన బ్యాక్టీరియా. నీటి తుంపరలను పీల్చినప్పుడు అది ఊపిరితిత్తులలోకి చేరుతుంది. సుమారు 25 నుంచి 45 డిగ్రీల వేడిలో, కదలని నీటిలో, గొట్టాల లోపలి పాచిలో బాగా పెరుగుతుంది. సెన్సార్ కుళాయిలో వేడినీరు, చన్నీరు కలిసి గోరువెచ్చగా నిలుస్తాయి; లోపల చిన్న వాల్వులు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఎన్నో ఉంటాయి; పాచి పట్టడానికి చోటు దొరుకుతుంది, దాన్ని కడిగేంత జోరు ధారకు ఉండదు. పైగా వాడకం తగ్గినకొద్దీ గొట్టంలో నీరు ఎక్కువసేపు నిలిచి, అందులోని క్లోరిన్ హరించుకుపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మన ఊళ్లలో చన్నీళ్ల కుళాయి తిప్పినా వేణ్నీళ్లే వస్తాయి కదా! మేడమీది ట్యాంకు నుంచి వార్డుకు వచ్చే నీటికీ అదే గతి.

సెన్సార్ లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి లేదు. 2011 చివర, 2012 మొదట్లో ఉత్తర ఐర్లాండ్‌లోని నవజాత శిశువుల విభాగాలలో సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా సోకి నలుగురు పసికందులు మరణించారు. బెల్‌ఫాస్ట్‌లో విచారణ జరిపినప్పుడు, కుళాయి మూతి దగ్గర ధారను చిందకుండా తిన్నగా మలిచే చిన్న భాగంలో ఆ బ్యాక్టీరియా తిష్ఠ వేసినట్లు తేలింది. మనం ఎయిరేటర్ అని పిలిచే, గాలి కలిపి ధారను నురగలా పలచబరిచే జల్లెడదీ అదే స్వభావం: ఇసుక, సున్నం అక్కడే పేరుకుంటాయి, వాటి మీద పాచి. 2024 మార్చిలో నీటి ఎద్దడి వేళ బెంగళూరు జలమండలి వాణిజ్య సంస్థలలో ఎయిరేటర్లు తప్పనిసరి చేసింది. హోటలుకు, మాల్‌కు అది మంచి నిర్ణయమే. ఐసీయూకు, మూలకణ మార్పిడి గదికి మాత్రం అదే కొలబద్ద పనికిరాదని నా అభిప్రాయం.

చేతులు తక్కువసార్లు కడగమని నేను అంటున్నానని దయచేసి ఎవరూ అనుకోవద్దు. ఆసుపత్రిలో పొదుపు చేయడానికి వేరే చోట్లు చాలానే ఉన్నాయి: కారిపోయే ఫ్లష్ ట్యాంకులు, తోట, డయాలిసిస్ కోసం నీటిని శుద్ధి చేసే ప్లాంటు వదిలేసే నీరు. కుళాయి మార్చాలన్న ఫైలు మీద ఇంజనీరు సంతకంతోపాటు ఇన్ఫెక్షన్ నియంత్రణ బృందం సంతకం కూడా ఉండాలి. అరుదుగా వాడే కుళాయిలను క్రమం తప్పకుండా కొన్ని నిమిషాలు వదలాలి; ఆ నీరు వృథా కాదు, చికిత్సలో భాగమే. అసలు ఎవరూ వాడని సింకు ఉంటే, దాన్ని గొట్టంతో సహా ప్రధాన లైను దగ్గరి నుంచే తొలగించాలి. సింకు ఒక్కటే పీకి గొట్టానికి బిరడా బిగించారంటే, ఆ ముక్కలో నీరు ఏళ్లతరబడి కదలకుండా ఉండిపోతుంది.