ఏమండీ, వెనక చక్రం కూర్చున్నట్టుంది

ప్రిన్సిపాల్ గారికి, రవాణా శాఖ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గారికి, అధ్యాపక మిత్రులకు, పిల్లలందరికీ నమస్కారం. శాలువా ముందే కప్పేశారు కాబట్టి నేనెలా మాట్లాడినా ఇక వెనక్కి తీసుకోలేరు. రోడ్డు భద్రతా మాసం కదా, హెల్మెట్ గురించి చెప్పమన్నారు. అది ఇన్‌స్పెక్టర్ గారు నాకన్నా బాగా చెప్తారు, వినకపోతే చలానా కూడా రాస్తారు. నేను గాలి గురించి చెప్తాను. స్కూటర్ టైర్లో గాలి. నవ్వండి, పర్వాలేదు.

నేను 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఘనపరిమాణం మారనప్పుడు వేడి పెరిగితే వాయువు పీడనం పెరుగుతుందని ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. ఆ 31 ఏళ్లలో నా స్కూటర్ టైర్లో ఎంత పీడనం ఉందో ఒక్కసారీ చూసుకోలేదు. ఎప్పుడో గుర్తొస్తే బంకులో ఆగి "గాలి కొట్టు బాబూ" అనేవాణ్ణి. "ఎంత సార్?" అంటే "నీకు తెలుసుగా, పెట్టెయ్" అనేవాణ్ణి. ఆ అబ్బాయికేం తెలుసు? బైకుకు పెట్టిందే నా స్కూటర్‌కూ పెట్టేవాడు.

మే నెల, ఆవకాయ రోజులు. కొవ్వూరులో మామిడికాయలు కొనుక్కుని రాజమండ్రి వస్తున్నాం. నా కాళ్ల దగ్గర కాయల సంచీ, వెనక మా ఆవిడ. కింద రైలు, పైన రోడ్డు ఉండే పాత వంతెన ఉందే, 1974 నాటిది, అది ఎక్కబోతుండగా ఆవిడ అంది: "ఏమండీ, వెనక చక్రం కూర్చున్నట్టుంది. ఒకసారి దిగి చూడండి." నేనేమన్నానో తెలుసా? "నువ్వు కదలకుండా కూర్చో, బండి అదే సరిగ్గా పోతుంది" అన్నాను.

వంతెన మీద ప్రతి అతుకు దగ్గరా బండి వెనక భాగం పడవలా ఊగింది. ఆవిడ మళ్లీ మాట్లాడలేదు. ఇవతలకి దిగాక మలుపులో హ్యాండిల్ నేను తిప్పాను గానీ బండి తిరగలేదు. పడ్డాం. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. ఆవిడకి కుడి మణికట్టు విరిగింది. కాయలు రోడ్డంతా దొర్లాయి. ఆస్పత్రిలో ఎముకల డాక్టరు గారు ఎలా జరిగిందని అడిగితే, "వెనక కూర్చున్నావిడ కదిలిందండీ" అని చెప్పాను. ఆవిడ పక్కనే ఉంది, ఏమీ అనలేదు. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు.

మర్నాడు బండిని పంచర్ షాపుకి తోసుకెళ్లాను. ఆయన గేజీ పెట్టి చూసి, "పధ్నాలుగుంది సార్" అన్నాడు. పధ్నాలుగు పీఎస్ఐ అన్నమాట, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లని గాలి పీడనం కొలిచే లెక్క; నేను చెప్పే అంకెలన్నీ అందులోనే. వెనక టైర్లో సన్నటి మేకు, ఎప్పుడు దిగిందో. ట్యూబ్‌లెస్ టైరుతో ఇదే చిక్కు. మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, రోజుకింత పోతుంది, మనకి తెలియదు. ఆయన వేలితో బురద తుడిచి బండి మీది స్టిక్కర్ చూపించాడు. నా బండికి ముందు 22, వెనక 29, వెనక మనిషి ఎక్కితే 36. ఏడేళ్లుగా నా బండి మీదే ఉంది, నేను చదవలేదు. మీ బండికి వేరే ఉండొచ్చు, మీది మీరు చదవండి. టైరు పక్కన చెక్కిన పెద్ద అంకె చూసి మోసపోకండి, అది టైరు తట్టుకునే హద్దు, మీరు పెట్టాల్సింది కాదు.

అసలు గాలి టైరు అందరికీ పరిచయం చేసింది ఇంజినీరు కాదు, పశువుల డాక్టరు. బెల్‌ఫాస్ట్‌లో డన్లప్ అనే ఆయన 1888లో కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేశాడు. అంతకు నలభై ఏళ్ల ముందే థామ్సన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడని తేలి, డన్లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. మా రోజుల్లో చేతక్‌కి స్టెప్నీ ఉండేది. స్టెప్నీ అంటే ఏమిటనుకున్నారు? వేల్స్‌లో ఒక వీధి పేరు. లనెల్లి అనే ఊళ్లో 1904లో డేవీస్ సోదరులు అదనపు చక్రం అమ్మడం మొదలుపెట్టిన వీధి. ఆ వీధి పేరు మన మెకానిక్కులందరికీ నోటికొచ్చు. ఇప్పటి స్కూటర్లకి స్టెప్నీ తీసేశారు. ఎక్కడున్నాను? ఆఁ, ముప్పై ఆరు.

స్కూటర్ చక్రం చిన్నది, పది పన్నెండు అంగుళాలు. లోపల పట్టేదే కొంచెం గాలి. ఇంజను బరువు, వెనక మనిషి బరువు అంతా వెనక చక్రం మీదే. గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి తిరుగుడుకీ మడతపడి వేడెక్కుతుంది, అంచులు అరిగిపోతాయి. ఎక్కువైతే మధ్యలో అరిగి, తడి రోడ్డు మీద జారుతుంది. బొటనవేలితో నొక్కి చూస్తారే, దానితో ఇరవైకీ ముప్పైకీ తేడా తెలియదు. నేను అలా నొక్కే ఆ రోజు కొవ్వూరు బయల్దేరాను.

బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, పొద్దున్నే తీసే ముందు. ఇక్కడ నా పాత పాఠం పనికొస్తుంది. 27 డిగ్రీల దగ్గర 29 ఉన్న టైరు 47 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు 32 చూపిస్తుంది. ఎక్కువైందని ఆ వేడి మీద గాలి తీసి 29కి తెచ్చారనుకోండి, మర్నాటి పొద్దుటికి 26 ఉంటుంది. లెక్క వేసేటప్పుడు వాతావరణ పీడనం 14.7 కలపడం మర్చిపోకండి, సగం మంది అక్కడే మార్కులు పోగొట్టుకునేవారు.

బంకుల వాళ్లతో నాకో తగువుంది. గాలి ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనల్లోనే ఉంది. మా వీధి చివర బంకులో ఎప్పుడెళ్లినా "మిషన్ పని చేయట్లేదు". పని చేసినా ఆ గొట్టం మూతి సైలెన్సర్ పక్కనున్న వాల్వుకి సరిగ్గా కూర్చోదు. చెయ్యి కాలుతుంది, పట్టినంత గాలీ బయటికి పోతుంది. అందుకే గేజీ కొనుక్కోండి. ఇదిగో, నా జేబులోది. పెన్నంత ఉంది. వారానికోసారి చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు.

ఆ పధ్నాలుగు సంగతి మా ఆవిడకి చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. విని, "మరి డాక్టరు గారికి చెప్పారా?" అంది. చెప్పలేదు. ఈలోగా ఆయన బదిలీ అయి వెళ్లిపోయారు. అందుకని మైకు దొరికిన చోటల్లా చెప్తున్నాను. మూత గట్టిగా ఉన్న సీసా ఆవిడ ఇప్పటికీ నాకే ఇస్తుంది.

పొద్దున వచ్చి వాచ్‌మన్‌కి చెప్పి మీ స్టాండులో పదకొండు స్కూటర్లు చూశాను. మూడింటికే సరిగ్గా ఉంది. ఒకదానికి వెనక తొమ్మిది! తెల్ల బండి, అద్దానికి ఎర్ర దారం. ఎవరిదమ్మా? సరే, ఇక్కడ చెయ్యెత్తొద్దు. కాలిపంపు తెచ్చాను, స్టాండు దగ్గరే నిలబడి ఉంటాను. ఇంకొకరిని ఎక్కించుకుని మాత్రం గేటు దాటకు.