‘ఒకటి’ ఎక్కడుందో వినండి: జేమ్స్ బ్రౌన్ వేదిక నేర్పిన విద్య

అందరికీ నమస్కారం.

ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. నాలుగు దెబ్బలు లెక్కపెట్టండి. రెండు, నాలుగు దగ్గర చప్పట్లు కొట్టండి. సోల్, రాక్ పాటలకు జనం చప్పట్లు కొట్టేది అక్కడే. చప్పట్లు ఆపకుండా ఇప్పుడు ఒంటి బరువంతా ‘ఒకటి’ మీద వేయండి, ఆ దెబ్బకు మడమ నేలకు తాకాలి. చేతులు ఒక చోట, కాలు ఇంకో చోట పడుతున్నాయి కదా? ఒంట్లో ఒక లాగుడు తెలుస్తోంది కదా? ఫంక్ అనే సంగీతం అంటే ఆ లాగుడే. ఆ ‘ఒకటి’ని అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ ‘ది వన్’ అనేవాడు.

మృదంగం నేర్చుకున్నవాళ్లకు సమం, అంటే తాళం మొదటి దెబ్బ గురించి చెప్పక్కర్లేదు. ఎంత దూరం వెళ్లినా సమానికి వచ్చి పడాలి. కానీ మన కచేరీలో తీర్మానం (ముగింపు వరస) వాయించి సమానికి చేరుకోవడం ఒక ప్రయాణం. బ్రౌన్ బ్యాండులో పది పన్నెండు మంది ప్రతి బారుకూ, అంటే ప్రతి నాలుగు దెబ్బల చుట్టుకూ, అక్కడికే వచ్చి పడతారు, పడ్డవెంటనే తలోవైపు విడిపోతారు. రెండు గంటల ప్రదర్శన అయినా ఆ ఒక్క చోటే దానికి పునాది.

ఈయన 1933లో సౌత్ కరొలైనాలో పుట్టి, జార్జియా రాష్ట్రంలోని ఆగస్టాలో పెరిగాడు. 2006 డిసెంబరు 25న అట్లాంటాలో పోయాడు. జీవిత చరిత్ర ఇంతటితో వదిలేస్తాను, వేదిక గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

1962 అక్టోబరు 24, బుధవారం. న్యూయార్క్‌లో హార్లెమ్, 125వ వీధి, అపోలో థియేటర్. అక్కడి తన ప్రదర్శనను రికార్డు చేద్దామని బ్రౌన్ అంటే, ఆయన రికార్డులు తెచ్చే కంపెనీ కింగ్ రికార్డ్స్ అధిపతి సిడ్ నేథన్ ఒప్పుకోలేదు. వ్యాపారిగా ఆయన లెక్క ఆయనది. జనం అప్పటికే కొనుక్కున్న పాటల్ని కేకలతో కలిపి మళ్లీ ఎవరు కొంటారు? బ్రౌన్ సొంత డబ్బు పెట్టి రికార్డు చేయించాడు. 1963లో వచ్చిన ఆ ‘లైవ్ ఎట్ ది అపోలో’ బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కి, 66 వారాలు నిలిచింది. రేడియో వాళ్లు పాటలు విడివిడిగా ఏరకుండా ఒక వైపు మొత్తం ఒకేసారి వేసేవారు.

ఆ రికార్డు అరగంట పైచిలుకు మాత్రమే. వేదిక మీద పనిచేసేవాళ్లు దాన్ని వాచీ పెట్టుకుని వినాలి. మొదట పరిచయం చేసే మనిషి ఫ్యాట్స్ గాండర్ వస్తాడు. ఊరికే పేరు చెప్పి ఊరుకోడు, హిట్ పాటల పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు. ఒక్కో పేరుకూ బ్యాండు ఒక దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బల స్వరం మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది. పాడే మనిషి ఇంకా తెర వెనకే ఉన్నాడు, హాలు మాత్రం అప్పటికే కాగిపోయింది. ఈరోజు పెద్ద ప్రదర్శనల్లో చీకట్లో గొంతు వినిపించడం, పేర్లు వరసగా రావడం, ఒక్కసారిగా లైట్లు వెలగడం, ఇవన్నీ ఇదే మెట్ల మీద నిలబడ్డాయి.

రెండోది, పాటకూ పాటకూ మధ్య ఖాళీ దాదాపు లేదు. ఒకటి ముగిసీ ముగియకముందే చిన్న వాద్యపు ముక్క వచ్చి రెండోదానికి అందిస్తుంది. చప్పట్లు చల్లారే వ్యవధి ఎవరికీ ఇవ్వడు. ఆ తర్వాత ‘లాస్ట్ సమ్‌వన్’ పది నిమిషాలకు పైగా నడుస్తుంది. రికార్డు ఒక వైపు చాలక రెండో వైపుకు కూడా వెళ్లింది. బ్యాండు ఒకే చిన్న వరస తిప్పుతూ ఉంటుంది. బ్రౌన్ గొంతు తగ్గిస్తాడు, ఇంకా తగ్గిస్తాడు, ఆగుతాడు. ఆ నిశ్శబ్దంలోంచి ఎవరో కేక వేస్తారు. ఆ కేకను పట్టుకుని మళ్లీ మొదలుపెడతాడు. ఆ చోట శ్రోత కూడా బ్యాండులో ఒక వాద్యం అయిపోతాడు. నన్నడిగితే ఈ పది నిమిషాలు విననివాడికి మిగతా కేకలూ గంతులూ అర్థం కావు.

ఇక ఆ కేప్, అంటే భుజాల మీద కప్పే పొడుగాటి వస్త్రం. అందరికీ తెలిసిన దృశ్యమే, కానీ పనితీరు చూడండి. ‘ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్’ 1956 నాటి పాట, నెమ్మది నడక, ఒక్కో దెబ్బలో మూడేసి ముక్కలు. బ్రౌన్ మోకాళ్ల మీద కూలబడతాడు. వ్యాఖ్యాత డానీ రే వచ్చి కేప్ కప్పి, లేవదీసి, భుజం తడుతూ పక్కకు నడిపిస్తాడు. వెనక గాయకులు పల్లవి పాడుతూనే ఉంటారు. సగం దూరం వెళ్లాక బ్రౌన్ కాలు నేలకేసి కొడతాడు, కేప్ విసిరేస్తాడు, మైకు దగ్గరికి పరుగెత్తుకొచ్చి మళ్లీ కూలబడతాడు. మళ్లీ కేప్, మళ్లీ నడక. పద్యనాటకాలు చూసినవాళ్లకు ‘వన్స్ మోర్’ సంగతి తెలుసు. అక్కడ జనం అడిగితే పద్యం మళ్లీ వస్తుంది. ఇక్కడ ‘వన్స్ మోర్’ను పాట లోపలే కట్టిపెట్టాడు.

దీన్ని అనుకరించేవాళ్లు తప్పు చేసేది సరిగ్గా నడిచి వెళ్లే ఆ కొన్ని అడుగుల దగ్గర. బ్యాండు ఆ సమయంలో సద్దు తగ్గించాలి గానీ వేగం తగ్గించకూడదు. వేగం జారితే అలసట నటన కాస్తా నిజం అలసట అయిపోతుంది. కేప్ విసిరే క్షణం, డ్రమ్ము దెబ్బ, ట్రంపెట్ల అరుపు మూడూ ఒకే చోట పడాలి. అర దెబ్బ ఆలస్యమైతే అది దుప్పటి విసిరినట్టే ఉంటుంది. కాబట్టి రిహార్సల్లో పాటకంటే ముందు ఆ నడక అడుగులు లెక్కపెట్టుకోవాలి.

1964 అక్టోబరు చివర్లో శాంటా మోనికాలో ‘టి.ఎ.ఎం.ఐ. షో’ అనే కచేరీ సినిమా చిత్రీకరించారు. బ్రౌన్‌కు దక్కినవి నాలుగు పాటలు, పద్దెనిమిది నిమిషాల లోపు. ఆయన తర్వాత వేదిక ఎక్కాల్సి వచ్చింది రోలింగ్ స్టోన్స్ బృందం. ఫిల్ము దొరుకుతుంది, చూడండి, కానీ ఒకసారి బ్రౌన్‌ను వదిలేసి వెనక ఉన్న బ్యాండునే చూడండి. చూపులన్నీ ఆయన మీదే ఉంటాయి.

ఆ చూపుల్లోనే అసలు కిటుకు ఉంది. ఈ బ్యాండుకు కర్ర పట్టి నడిపే వేరే మనిషి లేడు. బ్రౌన్ ఒళ్లే కర్ర. భుజం ఎగరేస్తే ఒక దెబ్బ. చెయ్యి కోసినట్టు ఊపితే ఆపు. ఒక కేకతో బ్రిడ్జ్‌కు, అంటే పాట మధ్యలో వచ్చే వేరే వరసకు, మలుపు. చూసేవాళ్లకు అది నాట్యం, వాయించేవాళ్లకు ఆజ్ఞ. తప్పు స్వరం పలికినా, బూట్లకు పాలిష్ లేకపోయినా జరిమానా వేసేవాడు. ఆ జరిమానా సైగ కూడా నాట్యంలోనే కలిసిపోయేది. అయిదు వేళ్లు విప్పి చూపితే అయిదు డాలర్లు, రెండోసారి విప్పితే పది. ఆ భయం బ్యాండును బిగించిన మాట నిజం. అదే భయం మనుషుల్ని దూరం చేసిన మాట కూడా నిజం. 1970 మార్చిలో పాత బృందం డబ్బు విషయంలో ఎదురు తిరిగితే, సిన్సినాటి నుంచి బూట్సీ కాలిన్స్, అతని అన్న క్యాట్‌ఫిష్ ఉన్న కుర్ర బ్యాండును విమానంలో రప్పించుకున్నాడు. ‘సెక్స్ మెషీన్’ పాట ఆ కుర్రాళ్లతో వచ్చిందే. జరిమానాను మెచ్చుకోమని నేను చెప్పను. సైగల భాషను మాత్రం నేర్చుకోండి, దానికి భయం అక్కర్లేదు, రిహార్సల్ చాలు.

ఇప్పుడు లయను దగ్గరగా చూద్దాం. 1967 నాటి ‘కోల్డ్ స్వెట్’ తీసుకోండి. సంగీతం కట్టడంలో బ్రౌన్‌తో కూర్చున్నది శాక్సఫోన్ వాద్యకారుడు పీ వీ ఎల్లిస్, డ్రమ్ముల మీద క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. చరణమంతా ఒకే కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) మీద నిలబడుతుంది, బ్రిడ్జ్‌లో మాత్రమే కదులుతుంది. కార్డులు మారవు కాబట్టి చెవి మొత్తం లయ మీదికి వెళ్తుంది. బారును పదహారు ముక్కలు చేయండి. నాలుగు ప్రధాన దెబ్బలు 1, 5, 9, 13 దగ్గర వస్తాయి. మామూలు పాటలో స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్ము) దెబ్బలు 5, 13 దగ్గర పడాలి. స్టబుల్‌ఫీల్డ్ మొదటి బారులో 5 దగ్గర మామూలుగానే కొట్టాడు, 13 దగ్గర కొట్టాల్సింది ఆపి 15 దగ్గర కొట్టాడు. ఆ రెండు ముక్కల ఆలస్యంతో ఒళ్లు ముందుకు తూలుతుంది. వెంటనే తర్వాతి బారు ‘ఒకటి’ వచ్చి పట్టుకుంటుంది. తొడ మీద వేళ్లతో పదహారూ కొట్టి చూడండి, 15 దగ్గర అరచెయ్యి వేయండి. రెండు మూడుసార్లు తప్పుతుంది, తర్వాత వదిలిపెట్టదు.

దీని మీద గిటారు. జిమ్మీ నోలెన్ కుడిచెయ్యి పదహారు ముక్కలూ ఆగకుండా ఆడుతుంది. ఎడమచేతి వేళ్లు తీగల్ని ఎక్కువసేపు ఊరికే తాకి ఉంటాయి, కావాల్సిన ముక్క దగ్గర మాత్రం నొక్కి వెంటనే వదులుతాయి. అందుకే అది కోడి నేల గీరినట్టు వినిపిస్తుంది, దానికి పేరు కూడా అలాగే పడింది.

మన కుర్రాళ్ల బ్యాండ్లు ఈ పాటలు వాయించేటప్పుడు వచ్చే తప్పులు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘ఒకటి’ ముఖ్యం అనగానే అందరూ దాన్ని గట్టిగా బాదుతారు. గట్టితనం కంటే దాని ముందు ఉండే ఖాళీ ముఖ్యం. అందరూ ఊపిరి బిగబట్టి దాని మీద దిగితేనే బరువు తెలుస్తుంది. డ్రమ్మరు స్నేర్ మీద గుసగుసలాడినట్టు కొట్టాల్సిన చిన్న దెబ్బల్ని పెద్ద దెబ్బలతో సమానంగా కొడతాడు. కర్ర మొన చర్మానికి అంగుళం, రెండంగుళాలు మించి లేవకూడదు. గిటారిస్టు కార్డును మోగనిస్తాడు. కీబోర్డు మనిషి ఖాళీ కనబడితే చాలు నింపేస్తాడు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. గాయకుడు గంతులు వేస్తుంటే డ్రమ్మరు ఆ కాళ్ల వెంట పరుగు తీస్తాడు. వేగం డ్రమ్మరు చేతిలోనే ఉండాలి. సైగ గాయకుడిది, గడియారం డ్రమ్మరుది. కల్యాణ మండపం లాంటి ప్రతిధ్వని హాలులో అయితే మైకుల్లో రివర్బ్ (యంత్రం కలిపే ప్రతిధ్వని) పూర్తిగా తీసేయండి, బేస్ తగ్గించండి. లేకపోతే ఈ పదహారు ముక్కలూ కలిసి ముద్దయిపోతాయి.

మైకు స్టాండు విద్య గురించి రెండు మాటలు. స్టాండును ముందుకు తోసి, అది పడిపోతుండగా తీగ పట్టి లాగి, తను కాళ్లు చాపి కిందికి జారి, స్టాండుతో పాటే పైకి లేచేవాడు. దానికి కింద బరువైన గుండ్రటి దిమ్మ ఉన్న స్టాండు కావాలి, మూడు కాళ్లది పనికిరాదు. తీగ మైకు దగ్గర ఊడకుండా బిగించి ఉండాలి. తీగ లేని మైకుతో ఈ పని కుదరదు. నేర్చుకునేటప్పుడు కింద పరుపు వేసుకోండి, పళ్లు జాగ్రత్త.

వేదిక మీద సైగలు ఎంత దూరం వెళ్తాయో బోస్టన్‌లో తెలిసింది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. మర్నాడు బోస్టన్ గార్డెన్‌లో బ్రౌన్ కార్యక్రమం ఉంది. నగరాలు తగలబడుతున్నాయి. మేయర్ కెవిన్ వైట్ ఒప్పందంతో స్థానిక ప్రజా టెలివిజన్ దాన్ని నేరుగా ప్రసారం చేసింది, జనం ఇళ్లలో ఉండి చూశారు. చివర్లో కొందరు కుర్రాళ్లు వేదిక ఎక్కితే పోలీసులు నెట్టారు. బ్రౌన్ పోలీసుల్ని వెనక్కి జరగమని, కుర్రాళ్లను దిగమని తనే అడిగి, నచ్చజెప్పి, పాట కొనసాగించాడు. ఆ రాత్రి మిగతా నగరాలతో పోలిస్తే బోస్టన్ ప్రశాంతంగా గడిచింది. రోజూ బ్యాండును చూపుతో, చేతితో ఆపి నడిపే మనిషికే అది చేతనవుతుందని నా నమ్మకం.

తర్వాతివాళ్లలో ఎవరు ఏం తీసుకున్నారు? 1968 జులైలో మోటౌన్ రికార్డు కంపెనీ కోసం తీసిన ఆడిషన్ ఫిల్ములో తొమ్మిదేళ్ల మైకేల్ జాక్సన్ బ్రౌన్ పాట ‘ఐ గాట్ ద ఫీలిన్’’ పాడుతూ ఆడతాడు. ఆ పాదాలు, ఆ జారుడు, ఆ మైకు పట్టు ఎవరివో చెప్పక్కర్లేదు. జాక్సన్ నుంచి ఆ కాళ్ల పని మన తెలుగు సినిమా డ్యాన్సుల దాకా, ఊళ్లో వార్షికోత్సవ వేదికల దాకా వచ్చింది. అమెరికన్ గాయకుడు ప్రిన్స్ సైగల భాష తీసుకున్నాడు. ఫలానా అన్ని దెబ్బలు అని వేదిక మీదే కేకేసి బ్యాండు చేత కొట్టించేవాడు. 1970లో బ్రౌన్ బృందం నైజీరియా వెళ్లినప్పుడు లాగోస్‌లో అక్కడి సంగీతకారుడు ఫెలా కుటి బ్యాండును విన్నారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. 1974 సెప్టెంబరులో ఆఫ్రికాలోని కిన్షాసా సంగీతోత్సవంలో కూడా పెద్ద ఆకర్షణ బ్రౌనే.

హిప్ హాప్ తీసుకున్నది వేరు. 1969 నవంబరులో సిన్సినాటిలో రికార్డు చేసిన ‘ఫంకీ డ్రమ్మర్’లో, బ్రౌన్ వేదిక మీద చేసినట్టే స్టూడియోలో కూడా మాటలతో బ్యాండును నడిపిస్తాడు. పాట చివరికొస్తుంటే, డ్రమ్మరుకు అవకాశం ఇద్దామని మిగతావాళ్లకు చెప్తాడు. స్టబుల్‌ఫీల్డ్‌తో, సోలో వాయించక్కర్లేదు, ఇప్పుడున్నదాన్నే పట్టుకో అంటాడు. నాలుగు లెక్కపెడతాడు. అందరూ ఆగుతారు. ఎనిమిది బార్లు, ఒక్క డ్రమ్ము. తర్వాత వందల పాటల్లో ఆ ముక్క కోసి అతికించారు. హిప్ హాప్ బృందం పబ్లిక్ ఎనిమీ పాట ‘ఫైట్ ద పవర్’లో కూడా అదే ఉంది. రచయితగా పేరు లేనందువల్ల స్టబుల్‌ఫీల్డ్‌కు రావాల్సిన డబ్బు రాలేదు. 2017లో ఆయన పోయారు.

ఇప్పుడు ఆ ఎనిమిది బార్లు వినిపిస్తాను. చప్పట్లు వద్దు. మడమ మాత్రం ‘ఒకటి’ మీద వేయండి.