కాలు చెల్లిది, బూటు అన్నది

(శ్రీకాకుళంలో బాలికల క్రీడా దుస్తుల పంపిణీ సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు, నేను మళ్లీ చదవను. నన్ను మహిళల ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను బూట్ల గురించి మాట్లాడతాను. అధ్యక్షులవారు ఏమీ అనుకోవద్దు.

కానిస్టేబుల్ సెలక్షన్లలో మన ఆడపిల్లలు 1600 మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. అంటే గంటకు సుమారు 9 కిలోమీటర్ల వేగం. 100 మీటర్లయితే 18 సెకన్లు, అది గంటకు 20 కిలోమీటర్లు. పిల్ల అదే, బూటు అదే, పరుగు తీరు మాత్రం వేరు. వేగం పెరిగేకొద్దీ అంగ సాగుతుంది, అడుగులు త్వరత్వరగా పడతాయి, పాదం నేల మీద ఆగే సమయం తగ్గిపోతుంది. నెమ్మది పరుగులో చాలామందికి ముందు మడమ ఆనుతుంది, స్ప్రింట్‌లో ముంగాలే. ఒక్కో అడుగుకి ఒంటి బరువుకి రెండు మూడింతలు కాలి మీద పడుతుంది. పైగా పరుగులో తొడ లోపలికి వాలడం ఆడవాళ్లకి సగటున ఎక్కువ. వాళ్లకి మోకాలిచిప్ప దగ్గర నొప్పులు ఎక్కువ రావడానికి అదొక కారణం.

ఇక బూటు. ఆడవాళ్ల పాదమంటే మగవాళ్ల పాదానికి చిన్న సైజు కాదు. ముందు భాగంతో పోలిస్తే మడమ సన్నం. కంపెనీలేమో చాలా ఏళ్లు మగవాళ్ల అచ్చునే కుదించి గులాబీ రంగేసి అమ్ముకున్నాయి. మన ఊళ్లో ఆ గులాబీ రంగువి కూడా దొరకవు లెండి.

కోడి రామ్మూర్తి స్టేడియంలో పొద్దున్నే ఒక పిల్ల పరుగెత్తేది. మూడో రౌండుకల్లా మోకాలు పట్టుకుని ఆగిపోయేది. కూర్చోబెట్టి బూటు విప్పించాను. ముందు భాగంలో చీర ముక్క ఉండచుట్టి కుక్కి ఉంది. "ఏటమ్మా ఇవి, ఎవరివి?" అన్నాను. "మా అన్నవి మేడమ్. ఆడికి టైటైపోనాయని నాకిచ్చీసాడు."

మడమ వెనక తోలు లేచిపోయి సాక్సు అంటుకుపోయింది. బూటు జారకుండా వేళ్లు ముడుచుకుని పరుగెత్తుతోంది. బూటు తిరగేసి చూశాను. సోలు ఒక పక్కకి అరిగిపోయి ఉంది. ఆ అరుగుదల ఆమెది కాదండీ, వాళ్లన్నది! వాడి నడక మీద ఈ పిల్ల పరుగు.

షాపుకి తీసుకెళ్తే "లేడీస్‌కి చెప్పులున్నాయమ్మా, స్పోర్ట్స్ షూ అంటే జెంట్స్‌వే" అన్నాడు. వాళ్ల నాన్నేమో "ఉద్యోగం వచ్చాక కొందాం మేడమ్" అన్నాడు. ఉద్యోగం రావడానికే కదయ్యా బూట్లు!

ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్తికాళ్లతో గెలవలేదా అని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. గెలిచాడు. కానీ బూటు తీసేస్తే భారం మాయమైపోదు, మోకాలి నుంచి పిక్కకీ మడమ వెనకుండే స్నాయువుకీ దిగుతుంది. అది మెల్లగా అలవాటు చేయాలి, సెలక్షన్లకి నెల ముందు కాదు. మోకాలు నొప్పిగా ఉన్న పిల్లలకి నేను చెప్పేది వేరే: అదే వేగంలో అంగ కాస్త తగ్గించి, అడుగులు నూటికి అయిదో పదో పెంచండి. మోకాలికి తేలికవుతుంది.

దాతలు చాలామంది వచ్చారు, చేతులెత్తి అడుగుతున్నాను. వచ్చే ఏడాది మాకు శాలువాలొద్దు. ఆ డబ్బుతో ఆడపిల్లల అచ్చులో చేసిన బూట్లు తెప్పించండి. అందరికీ ఒకే సైజు మూటగట్టి పంపకండి, సైజులు నేను రాసిస్తాను.

పిల్లలూ, సభ అవగానే వెళ్లిపోకండి. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది, కొలవాల్సింది ఇప్పుడే. కాగితాలు, పెన్సిలు తెచ్చాను. పరుగుకి వేసుకునే సాక్సులతోనే వచ్చి వరసగా నిలబడండి. రెండు కాళ్లూ కొలుస్తాను.